గుండీలు అంటించిన రిమోట్

జూన్ 4

మా పాత రిసీవర్ పోయింది. టీవీ కింద కూర్చుని ఐదు స్పీకర్లకీ సౌండు పంచిపెట్టే ఆ నల్ల పెట్టె, ఇవాళ సాయంత్రం వార్తల మధ్యలో టప్‌మని ఆగిపోయింది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన కుర్చీలోంచి కదలకుండానే, "కాలిన వాసన పెట్టె వెనక నుంచి వస్తోంది, ప్లగ్గు పీకెయ్" అన్నారు. పీకేశాను.

"రిపేరుకి ఇద్దామా?" అన్నాను.

"పోనీలే."

అంతే. గోడ పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి పడుకున్నారు. బయట ఇంకా ఎండ ఉంది.

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. తలుపు కిర్రుమంటే నూనె వేసేదాకా కూర్చోలేని మనిషి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదు అని నిరుడు డాక్టరు చెప్పిన రోజున కూడా అనలేదు. ఆ రోజు డాక్టరుతో పోట్లాట పెట్టుకున్నారు.

జూన్ 5

పోనీలే అన్నారు.

జూన్ 7

శనివారం. ఇదివరకు శనివారమంటే మా ఇంట్లో సినిమా. కిటికీ పక్కన కుడి కుర్చీ ఆయనది, స్విచ్‌బోర్డు పక్కన ఎడమ కుర్చీ నాది. మధ్యలో చిన్న బల్ల, దాని మీద రెండు కప్పులు. చూపు పోయిన తర్వాత ఒక్కసారి సినిమా పెట్టాను. కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయారు. ఆయనకి సినిమాల మీద మోజు పోయింది. అడగలేదనుకో, మొహం చూస్తే తెలియదా?

ఈ పుస్తకాన్ని బట్టల కింద దాచే అలవాటు నాకు. ఇప్పుడు దాచాల్సిన పని లేదు, బల్ల మీద తెరిచి పెట్టినా చదివేవాళ్ళు లేరు. అయినా బట్టల కిందే పెడుతున్నాను. దాచకపోతే ఆయన్ని అవమానించినట్టు ఉంటుంది.

కొత్త రిసీవర్ కొనాలి. మంచిది. ముందుగదిలో ఆయన్ని కూర్చోబెట్టేది ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆ పడకగదిలోనే కొంచెం కొంచెంగా కరిగిపోతారు. నా భయమల్లా అదొక్కటే.

జూన్ 9

పని దిగాక అటునుంచి అటే ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాను. గళ్ళచొక్కా అబ్బాయి ఒకడు వచ్చి పట్టుకున్నాడు. మనిషి మంచివాడే కానీ నోరు తెరిస్తే చాలు "సెవెన్ పాయింట్ టూ మేడమ్" అంటాడు. ఏడు స్పీకర్లు, గుండె అదిరే శబ్దాలకి రెండు వూఫర్లు పెట్టుకోవచ్చట. మా దగ్గర ఉన్నవి ఐదే, ఒక వూఫరు అంటే, "రేపు పెంచుకుంటారు కదా మేడమ్" అన్నాడు. రేపటి సంగతి ఇంత ధీమాగా మాట్లాడే మనిషిని చూసి చాలా రోజులైంది. మనసులో వాడికి సెవెన్ పాయింట్ టూ అని పేరు పెట్టేశాను.

తర్వాత బొమ్మ గురించి ఎత్తుకున్నాడు. ఎయిట్ కె అట. ఆకు మీద చీమ నడిస్తే దాని కాళ్ళు లెక్కపెట్టొచ్చట.

"ఇంట్లో చూసేది ఎంతమంది మేడమ్?"

"ఇద్దరం" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే నమిలాను.

జూన్ 11

వదిన ఫోను. ఆయనకి అక్క, రోజూ సాయంత్రం ఫోను చేసి తమ్ముడి సంగతి కనుక్కుంటుంది. కొత్త పెట్టె కొంటున్న సంగతి ఆవిడకి చెప్పడం నాదే బుద్ధితక్కువ.

"చూపు లేనివాడికి సినిమా పెట్టెలెందుకే అమ్మాయ్? ఓ చిన్న రేడియో కొనిపెట్టు, పక్కలో పెట్టుకుని వింటాడు."

అదే కదా నా బాధ. రేడియో అయితే పక్కలోకి వెళ్ళిపోతుంది. ఆయన దాని వెనకాలే వెళ్ళిపోతారు. ఐదు స్పీకర్లని పక్కలో ఎవరూ పెట్టుకోలేరు. ఇదంతా చెప్పకుండా "సరే వదినా" అని పెట్టేశాను. ఆవిడ మీద కోపం లేదు. రోజూ ఫోను చేసేది ఆవిడ ఒక్కతే.

జూన్ 14

కొనేశాను! షాపు మొత్తానికి అందమైనది. ముందంతా ఒకటే నల్లటి గాజు పలక, చెయ్యి దగ్గరికి తెస్తే నీలం అక్షరాలు లోపల్నుంచి తేలి వస్తాయి. చూసి మురిసిపోయాను. మాటలు తెర మధ్య నుంచి స్పష్టంగా రావడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఉందట. ఆయన పడకగదిలో తలుపేసుకుని నిద్రపోతుంటే, సెవెన్ పాయింట్ టూ స్వయంగా వచ్చి చప్పుడు కాకుండా బిగించి వెళ్ళాడు.

ఆయనకి చెప్పలేదు. రేపు పొద్దున చెప్తాను.

జూన్ 15

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెట్టె ముందు కూర్చోబెట్టాను. రెండు చేతులూ దాని మీద పెట్టారు. ఈ చివర్నుంచి ఆ చివరికి నిమిరారు. మళ్ళీ ఆ చివర్నుంచి ఈ చివరికి.

"ఇది ముందా, వెనకా?" అన్నారు.

"ముందే. చాలా బాగుంటుంది చూడ్డానికి" అనేసి నాలుక కరుచుకున్నాను.

"నున్నగా ఉంది." ఇంకోసారి నిమిరారు. "సౌండు పెంచాలంటే?"

"గాజు మీద వేలు పెడితే అంకెలు వస్తాయి. మిగతావన్నీ టీవీ మీద వస్తాయి, చూసి ఎంచుకోవాలి. మీకెందుకండీ అవన్నీ, నేనున్నాగా?"

"అవునులే, నువ్వున్నావుగా." చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "బాగుంది."

బాగుంది అన్నారు. అన్నారు కాబట్టి బాగున్నట్టే.

జూన్ 16

నేనున్నాగా అన్నాను. అందులో తప్పేముంది? ఉన్నాను కదా.

జూన్ 18

భోజనం వడ్డించాను, చొక్కా తీసి ఇచ్చాను, మందు నోట్లో వేశాను, వార్తలు పెట్టాను, వార్తలు ఆపాను. నేను బాగానే ఉన్నాను.

జూన్ 20

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

పని నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎదురింటావిడ మెట్ల మీద ఆపి, "మధ్యాహ్నం మీ ఇంట్లో అంత చప్పుడేంటమ్మా, గోడలు అదిరిపోయాయి" అంది. పరిగెత్తాను. ఆయన పడకగదిలో మంచం అంచున కూర్చుని ఉన్నారు. ముందుగదిలో పెట్టె ప్లగ్గు పీకేసి ఉంది, వైరు చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టారు.

"పాట విందామని వేలు పెట్టాను. ఎక్కడ పెట్టానో తెలీలేదు. ఒక్కసారిగా హోరెత్తిపోయింది. తగ్గిద్దామంటే ఎక్కడ నొక్కాలో దొరకదాయె." ఆగి, "నీ పెట్టె పాడైపోయిందేమో చూడు" అన్నారు. పక్కింటి వస్తువు పగలగొట్టిన పిల్లాడిలా అన్నారు.

నీ పెట్టె అన్నారు. మన పెట్టె అనలేదు.

నేను చేసే పని ఏమిటి? స్కూలు యూనిఫారాలు కుట్టే చోట బట్ట కత్తిరిస్తాను. కొత్త బట్ట తాను వస్తే ఇప్పటికీ నన్నే పిలుస్తారు. రంగు చూడను. కళ్ళు మూసుకుని, అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇది ఉతికితే ముడుచుకుపోతుంది, ఇది ముడుచుకోదు అని చెప్తాను. అంతా నా వేళ్ళనే నమ్ముతారు. అలాంటి నేను, కళ్ళు లేని మనిషికి కళ్ళతో చూసి కొన్నాను. గాజు చూసి మురిసిపోయాను. ఆ పలక మీద ఆయన వేలికి తగలడానికి ఒక్క గీత లేదు, ఒక్క గుంట లేదు.

ఇంకోటి కూడా రాసేస్తాను. ఆయన్ని అడగడం నాకు తట్టకపోవడం కాదు. అడిగితే ఆయన వస్తానంటారని భయం. షాపులో అందరూ చూస్తారని భయం.

జూన్ 21

ఇద్దరం వెళ్ళాం. అడగగానే "చొక్కా ఏది?" అన్నారు. అంతసేపే పట్టింది!

సెవెన్ పాయింట్ టూ ఆయన్ని చూసి ఒక్క క్షణం బిక్కచచ్చిపోయాడు. "ఇద్దరం అన్నారు కదా మేడమ్" అన్నట్టు నా వైపు చూశాడు గానీ పైకి అనలేదు. గాజు పెట్టెని మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. ఆ కుర్రాడికి మంచి జరగాలి.

ఆయన ఒక్కటే అడిగారు. "బాబూ, అన్నీ ఒక వరసలో పెట్టు. దేని పేరూ చెప్పకు."

పెట్టాడు. ఆయన ఒక్కో పెట్టె మీద చేతులు పెట్టి, అచ్చం నేను తాను నలిపినట్టే నలుపుతూ వెళ్ళారు. నాబ్ తిప్పి చూడటం, బటన్లు తడమటం, వెనక్కి చెయ్యి పోనిచ్చి వైర్లు దూర్చే చోట్లు వేలితో కొలుచుకోవడం. "ఇది వదులు, ఆడుతోంది." "దీని బటన్లన్నీ ఒకటే సైజు, చీకట్లో అన్నదమ్ములు." "ఇదేంటి, మళ్ళీ నున్నటిదే? తీసెయ్."

షాపులో అందరూ చూశారు. చూస్తే ఏమైంది? ఏమీ కాలేదు.

వరస చివర ఒక లావుపాటి పెట్టె దగ్గర ఆగిపోయారు. పెద్ద గుండ్రటి నాబ్. తిప్పితే మెట్టుమెట్టుకీ వేలికి టిక్కు టిక్కుమని తగులుతుంది. దాని కింద టీవీకి ఒకటి, రేడియోకి ఒకటి, పాటలకి ఒకటి, విడివిడిగా ఎత్తుగా బటన్లు. ఆయన నాబ్ కుడికి తిప్పారు, ఎడమకి తిప్పారు, మళ్ళీ కుడికి. మొహంలో బస్సు బయల్దేరే ముందు ఉండే ఆ చూపు. చూపు అనే రాస్తున్నాను, వేరే మాట దొరకడం లేదు.

"ఇది" అన్నారు.

సెవెన్ పాయింట్ టూ తటపటాయించాడు. "సార్, ఇది నిరుటి మోడల్ సార్. సౌండు ఫస్ట్ క్లాస్ గానీ ఎయిట్ కె లేదు సార్. ఫోర్ కె మాత్రమే."

"నాకు ఒక్క కె కూడా లేదు బాబూ" అన్నారు ఆయన.

ఆ కుర్రాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకూ తెలియలేదు, అందుకని రెండూ చేశాను. ఏడాది తర్వాత ఆయన వేసిన మొదటి జోకు. షాపు మధ్యలో నిలబడి ముక్కు తుడుచుకుంటూ నవ్వాను.

దేవుడా, ఆ పాత పెట్టె కాలిపోయినందుకు నీకు దణ్ణం.

జూన్ 23

పెట్టె మీద అన్నీ తగులుతున్నాయి గానీ దాని రిమోట్ మాత్రం మళ్ళీ చీకట్లో అన్నదమ్ములే. పని దగ్గర్నుంచి గుప్పెడు గుండీలు తెచ్చాను, అడిగే తెచ్చాను. సౌండుకి చొక్కా గుండీ, నాలుగు బొక్కలది. ఆపడానికి కోటు గుండీ, పెద్దది. వెనక్కి వెళ్ళడానికి పిల్లల గౌనుకి పెట్టే పువ్వు గుండీ. బంకతో అంటించాను.

నేను అంటిస్తుంటే ఆయన పక్కన కూర్చుని ఎక్కడ పెట్టాలో చెప్పారు. "అది కాదోయ్, ఇంకాస్త కిందకి. నా బొటనవేలు ఎక్కడ ఆగుతుందో అక్కడ." నేను జరపబోయాను, రిమోట్ లాక్కున్నారు. లాక్కున్నారు! వెయ్యేళ్ళు వర్ధిల్లాలి ఈ మొగుడు.

జూన్ 24

పొద్దున నేను లేచేసరికి ముందుగదిలో పాట. సన్నగా. నేను పెట్టలేదు.

జూన్ 28

శనివారం. షాపువాళ్ళు బిగించిన వైర్లన్నీ విప్పి ఆయనే మళ్ళీ బిగించారు. ప్రతి వైరు చివర నేను దారంతో ముడులు వేసి ఇచ్చాను, ఎడమకి ఒక ముడి, కుడికి రెండు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఈ పెట్టెతో పాటు చిన్న మైకు ఒకటి ఇచ్చారు. మనం కూర్చునే కుర్చీలో తల ఉండే ఎత్తున దాన్ని పెడితే, పెట్టె స్పీకర్లతో ఒక్కొక్కటిగా కూతలు కూయించి, ఏది ఎంత దూరంలో ఉందో తనే కనిపెట్టి, ఆ కుర్చీకి సౌండు సరిచేసుకుంటుందట. ఆ కాసేపూ గదిలో చీమ చిటుక్కుమనకూడదు. ఫ్యాను ఆపాను, కిటికీ మూశాను. మీ కుర్చీలో పెడతానుండండి అంటుంటే దగ్గు వచ్చింది. మూడు రోజులుగా వదలని జలుబు. ఆపుకుంటే ఇంకా వచ్చింది.

"నువ్వు మెట్ల మీద కూర్చో పోవోయ్. మైకు నేను పెట్టుకుంటాను. లేకపోతే ఈ పెట్టె ఇంటి దూరాలన్నీ నీ దగ్గుతో కొలుస్తుంది."

మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి కూయ్ కూయ్‌మని కూతలు. ఎదురింటావిడ తొంగి చూసి, "పిట్టల్ని పెంచుతున్నారా?" అంది. అవునన్నాను.

సాయంత్రం సినిమా పెట్టాం. కొడుకు కోసం వెతుక్కునే ఒక రైలు గార్డు కథ. ఆయనకి మాటలు వినపడతాయి, మాటలు లేని చోట నేను చెప్పాలి. చెప్పాను. "తలుపు తీశాడు. వర్షంలో తడిశాడు. ఆమెని చూసి చూడనట్టు వెళ్ళాడు." బాగానే చెప్పుకొచ్చాను. చివర్లో గార్డు చచ్చిపోయాడు. ఇన్నాళ్ళకి ముందుగదిలో కూర్చున్న మనిషికి చావు చూపించడం ఇష్టం లేకపోయింది.

"ఊరికి వెళ్ళిపోతున్నాడు" అన్నాను.

ఐదు స్పీకర్లలోంచీ వయొలిన్లు గది నిండా లేచాయి. ఆయన కాసేపు విన్నారు.

"ఊరికెళ్ళేవాడికి ఇన్ని వయొలిన్లు ఎందుకోయ్?"

ఇంక ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. పాపం గార్డు అక్కడ చచ్చి పడున్నాడు, మేం ఇక్కడ కడుపులు పట్టుకున్నాం. అదే సమయానికి వదిన ఫోను. ఆయనే తీశారు. "అక్కా, విను" అని ఫోను స్పీకరు దగ్గర పెట్టారు. అవతల వదిన, "చెవులు చిల్లులు పడుతున్నాయిరా, ఆపు" అని అరిచింది. తర్వాత ముక్కు ఎగబీల్చడం మాత్రం వినపడింది. రేడియో ఊసెత్తలేదు.

జూన్ 29

మైకు ఆయన ఒక్కరే పెట్టుకున్నారు కదా అని సందేహం వచ్చింది. టీవీ మీద పెట్టె కొలతలు చూపించే చోటు తెరిచాను. ఎడమ స్పీకరు దగ్గర, కుడి స్పీకరు దూరం అని ఉంది. ఆయన కూర్చునేది కుడి వైపు. తిరగబడింది. పాపం, మైకు ఎక్కడ పెట్టారో ఏమో, తెలియక తప్పు చోట పెట్టుకున్నారు. చెప్తే చిన్నబుచ్చుకుంటారని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నా స్టీలు కొలత టేపు తీశాను.

ఆయన కుర్చీ నుంచి కొలిచాను. కలవలేదు. బల్ల దగ్గర్నుంచి కొలిచాను. కలవలేదు. తర్వాత నా కుర్చీ నుంచి కొలిచాను. ఎడమది, మధ్యది, కుడిది, వెనక రెండూ. అన్నీ జానెడు అటూ ఇటూ లేకుండా కలిశాయి.

ఎప్పుడొచ్చారో, ఆయన తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "టేపు చప్పుడు" అన్నారు.

"మైకు నా కుర్చీలో పెట్టారేమండీ?"

"నీ కోసమే పెట్టాను."

"పెట్టె కొన్నది మీ కోసం కదా!"

"నాకు ఏ మూల కూర్చున్నా చాలు, చెవులు వెతుక్కుంటాయి." నడిచి వచ్చి తన కుర్చీ వీపు తడుముకుని కూర్చున్నారు. "నువ్వు ఏడాదిగా ఒక్క బొమ్మ చూడలేదోయ్."

"ఎవరన్నారు? అన్నీ చూస్తూనే ఉన్నాను."

"నన్ను చూస్తున్నావు." తన చెంప మీద వేలు పెట్టి చూపించారు. "తెర వైపు తిరిగి మాట్లాడితే నీ గొంతు గోడకి తగిలి వస్తుంది. ఏడాది నుంచీ అది తిన్నగా వచ్చి ఇక్కడే పడుతోంది. వార్తలప్పుడూ ఇక్కడే. అప్పుడు సినిమా పెట్టావే, ఆ రోజూ ఇక్కడే. లేచిపోక ఏం చెయ్యను? అంతసేపు నన్నే చూస్తూ కూర్చుంటే, నేనేం సినిమానా?"

చేతిలో టేపు చుట్టేశాను.

"ఈ ఇంట్లో చూసేది ఒక్కరే. ఆ ఒక్కరూ చూడ్డం మానేస్తే ఎలా? నిన్న కూడా వర్షం, తలుపు అని పైపైన చెప్పావు. ఆ గార్డు మొహం ఎలా ఉందో చెప్పావా?"

చెప్పలేదు. నాకు తెలియదు. నేను చూడలేదు.

ఈ ఏడాదంతా ఆయన మొహంలో ఏం వెతుక్కున్నానో నాకే తెలియదు. విసుగు వచ్చిందేమో, నొప్పి ఉందేమో, నన్ను వదిలేసి లోపలికెక్కడికో వెళ్ళిపోతున్నారేమో అని కాపలా కాశాను. కాపలా కాస్తే పారిపోరా మరి? ఆయన చెంప మీద నా చూపు ఇంత బరువుగా ఉంటుందని నాకు ఎవరు చెప్తారు! ఆయనే చెప్పారు. మైకు పెట్టి చెప్పారు.

కుర్చీ పక్కన కింద కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. బాగా ఏడ్చాను. "జలుబు తగ్గలేదా?" అన్నారు.

జూలై 5

శనివారం. ఆయన తన కుర్చీలో, నేను నా కుర్చీలో. రిమోట్ ఆయన చేతిలో. పువ్వు గుండీ నొక్కి సినిమాని మొదటికి తెచ్చారు, అదే గార్డు సినిమా. తనే లేచి వెళ్ళి నాబ్ టిక్కుటిక్కుమని తిప్పి వచ్చారు.

చూశాను. వర్షం నా వెనక నుంచి వచ్చి ముందుకి వెళ్ళింది. రైలు ఎడమ చెవి దగ్గర మొదలై కుడి గోడ దాకా పోయింది. ఇంత సౌండు నా కుర్చీ కోసమే అమర్చి పెట్టారు, వారం రోజులుగా ఇది నాకోసం ఇక్కడ ఎదురుచూస్తోంది. గార్డు మొహం చెప్పాను. గడ్డం మాసి ఉందని, కింది పెదవి కొరుక్కుంటాడని, కొడుకు చొక్కా దొరికినప్పుడు దాన్ని వాసన చూడకుండా మడత పెడతాడని. ఈసారి చచ్చిపోయాడనే చెప్పాను. ఆయన ఊఁ కొట్టారు.

సినిమా మొత్తం మీద రెండుసార్లు ఆయన వైపు తిరిగాను. రెండుసార్లూ, "తెర అటుందోయ్" అన్నారు.